లోవలక్ష్మి చలవ, సన్యాసిరాజు వేడి

సికింద్రాబాదు కార్ఖానా మెయిన్ రోడ్డు మీద, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ మెట్లకి ఎదురుగా లోవలక్ష్మి బండి ఉండేది. బండి మీద నాలుగు స్టీలు డ్రమ్ములు. బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు, రాగి అంబలి, అల్లం కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. ఎండాకాలంలో వీటికి సుగంధి షర్బతు తోడయ్యేది. బండికి బోర్డు లేదు. చలవ అక్క ఎక్కడుంటుందని అడిగితే ఆటోవాళ్ళు సరాసరి తెచ్చి దింపేవారు.

లోవలక్ష్మి లెక్కలో లోకంలో ఉన్నవన్నీ రెండే రకాలు. వేడి చేసేవి, చలవ చేసేవి. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ. కోడికూర వేడి, ఆనపకాయ చలవ. ఇంతవరకు మన ఇళ్ళలో అందరూ చెప్పేదే. ఆవిడ ఇక్కడితో ఆగే మనిషి కాదు. కంప్యూటరు వేడి. ఇంగ్లీషు ఇంకా వేడి. ఇంటర్వ్యూ అయితే ఒంట్లో ఉన్న నీరంతా ఆవిరి చేసి పారేస్తుంది. కుర్రాళ్ళు కళ్ళు ఎర్రగా చేసుకుని మెట్లు దిగుతుంటే అడక్కుండానే గ్లాసు అందించేది.

"రేత్రంతా ఆ పెట్టె ముందు కూకుంటే బుర్ర ఉడికిపోదా బాబూ? తాగీ."

కుర్రాడు నోరు మూసుకుని తాగేవాడు. వాడికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చి స్వీటు ప్యాకెట్టు పట్టుకొస్తే, ఆ ఉద్యోగం కుర్రాడికి కాదు, బార్లీకి వచ్చిందని వీధంతా చెప్పేది. ఆ రోజుల్లో ఉద్యోగాలు అలా వచ్చిపడుతుండేవి కాబట్టి బార్లీకి బోలెడు పేరొచ్చింది.

పాయకరావుపేట నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి. మొగుడు సన్యాసిరాజు చోడవరంవాడు. ఐటీ కంపెనీల ఉద్యోగుల్ని ఇళ్ళ నుంచి ఆఫీసులకి, ఆఫీసుల నుంచి ఇళ్ళకి మోసే సుమో తోలేవాడు. మంచివాడే. మాట మెత్తన. జీతం తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టేవాడు. పెళ్ళయి నాలుగేళ్ళు దాటినా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినపడలేదన్న బెంగ ఇద్దరికీ ఉంది. లోవలక్ష్మికి కాస్త ఎక్కువ ఉంది. ఆవిడ దేవుణ్ణి అడిగేది ఆ ఒక్కటే. అది తప్ప ఇంకేమన్నా కావాలా అని ఎవరన్నా అడిగితే, గట్టిగా ఆలోచించి, కొత్త డ్రమ్ము ఒకటి అనేది.

ఆ ఏడు వేసవిలో ఒక కంపెనీవాళ్ళు తమ మనుషుల్ని గోవా పంపారు. టీమ్ ఔటింగ్ అంటారట. సన్యాసిరాజు బండి తోలాడు. సాఫ్ట్‌వేర్ పిల్లలు సముద్రంలో దిగారు, డ్రైవర్లు ఒక లాడ్జిలో దిగారు. సాయంత్రం కల్యాణ్ అనే తోటి డ్రైవరు, "రా రాజూ, అలా తిరిగొద్దాం" అన్నాడు. తిరిగొచ్చారు. ఎక్కడ తిరిగారో విప్పి చెప్పనక్కర్లేదు. జేబులో పట్టే కండోమ్ ప్యాకెట్టు ఒకటి ఆ పూట దగ్గరుంటే ఈ కథ నడిచేదే కాదు. మెడికల్ షాపులో ఆ మాట పలకడానికి సిగ్గుపడ్డాడు మహానుభావుడు. తక్కిన దేనికీ పడలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే ఒంటేలుకి వెళితే మంట మొదలైంది. ఆ వెనకే చీము. సన్యాసిరాజుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయితే మనవాళ్ళ దగ్గర ఇలాంటి ఆపదకి ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది. నోరు పూసినా, కళ్ళు ఎర్రబడినా, వీపు మీద సెగగడ్డ లేచినా, చెప్పుకోలేని చోట చెప్పుకోలేనిది వచ్చినా, అన్నిటికీ సరిపోయే దుప్పటి లాంటి మాట. అన్నం దగ్గర ముఖం చిట్లించుకుని లేచి వెళుతున్న మొగుణ్ణి లోవలక్ష్మి అడిగింది.

"ఏటయింది మావా?"

"ఏటీ నేదు. కూసింత వేడి సేసింది."

ఇంకే ఇల్లాలితోనైనా ఆ మాట అని ఉంటే, ఒక కొబ్బరిబొండంతో సరిపోయేది. సన్యాసిరాజు ఆ మాట సికింద్రాబాదులోకెల్లా చలవకి పేరుపడ్డ మనిషితో అన్నాడు. వీధిలో వేడంతా దించే ఆవిడకి సొంత మొగుడికి వేడి చేయడం ఎంత నామోషీ! లోవలక్ష్మి ఆ పూటే కొంగు దోపుకుంది.

మోండా మార్కెట్ నుంచి బార్లీ బస్తా దిగింది. బోయిన్‌పల్లి నుంచి ఆనపకాయలు, పొట్లకాయలు దిగాయి. కోడి, ఆవకాయ, పకోడీ, టీ, అన్నీ బందు. పొద్దున్నే లేవగానే బండి మీది డ్రమ్ములోంచి మొదటి గ్లాసు, గిరాకీలకన్నా ముందు, మొగుడికి. నడినెత్తిన ఆముదం. బొడ్డులో ఆముదం. అప్పటికీ ముఖం తేటపడలేదని గోరింటాకు రుబ్బి రెండు అరికాళ్ళకీ దట్టంగా పట్టించింది. మర్నాడు సుమో దగ్గర చెప్పులు విప్పి కూచున్న సన్యాసిరాజు ఎర్రటి పాదాలు చూసి కల్యాణ్, "ఏటి రాజూ, మళ్ళీ పెళ్ళేటి?" అన్నాడు. డ్రైవర్లందరూ పడీపడీ నవ్వారు. సన్యాసిరాజు కూడా నవ్వాడు. నవ్వితే కూడా మంటగానే ఉంది.

ఇన్ని నీళ్ళు తాగితే ఏమవుతుంది? మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుంది. వెళ్ళినప్పుడల్లా ప్రాణం పోయినంత పని. పెళ్ళాం ప్రేమగా గ్లాసు అందిస్తుంటే పాపం వద్దనలేడు, తాగలేడు. "ఎలగుంది మావా?" అని ఆవిడ అడుగుతుంది. "సల్లగుందే" అని అతను చెబుతాడు. అబద్ధం గ్లాసు తర్వాత గ్లాసు లోపలికి దిగిపోతూనే ఉంది.

వీళ్ళు అద్దెకున్న ఇంటి యజమానురాలు పుష్పమ్మ. తాతల నాటి నుంచి అక్కడి వాళ్ళే. భర్త తుకారాం రైల్వేలో చేసి రిటైరయ్యాడు. పుష్పమ్మ ఫ్రిజ్ మీద గోలీల డబ్బా అని ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. ఆ ఇంట్లో ఎవరికి ఏ రోగమొచ్చి తగ్గినా, మిగిలిన మాత్రలు పారేయడం ఉండదు. డబ్బాలో పడతాయి. ఆ కాంపౌండులో ఎవరికి దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా, కాలు బెణికినా మూత తీసి రెండు చేతిలో పెట్టేది. డాక్టరుకన్నా పుష్పమ్మ నయమని అందరి నమ్మకం. ఆవిడ క్యూలో నిలబెట్టదు కదా.

"లోవా, నీ నీళ్ళు మంచియే గని, లోపటి వేడికి లోపటికెళ్ళే గోలీ పడాలె" అంది పుష్పమ్మ. "మా ఆయనకు టైఫాయిడ్ అయినప్పుడు డాక్టర్ రాసినయ్ ఉన్నయ్. జెర బుఖార్ తగ్గంగనె బంద్ చేసిండు, గందుకె మిగిలినయ్. రెండు తీస్కపో. తక్లీఫ్ పోతది."

లోవలక్ష్మికి మాత్రలంటే పడదు. మాత్రలన్నీ వేడే అని ఆవిడ సిద్ధాంతం. అయినా పెద్దావిడ మాట తీసేయలేక తెచ్చి మొగుడికిచ్చింది. అతను కళ్ళకద్దుకుని వేసుకున్నాడు. వారం తిరిగేసరికి మంట కొంచెం తగ్గినట్టనిపించింది. బార్లీ గెలిచిందని లోవలక్ష్మి వీధిలో చెప్పింది. గోలీ గెలిచిందని పుష్పమ్మ మెట్ల మీద చెప్పింది. ఇద్దరిలో ఎవరూ గెలవలేదని సన్యాసిరాజుకి కొద్దిరోజుల్లోనే తెలిసొచ్చింది.

మంట మళ్ళీ మొదలయ్యాక అతను ఇంట్లో చెప్పలేదు. దారిలో కనపడ్డ మెడికల్ షాపులో, ఆడవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి వేడి అన్నాడు. షాపువాడు అట్టలోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. అవీ ఆ టైఫాయిడ్ జాతివే. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఇంకో షాపు, ఇంకో రెండు మాత్రలు. మన దేశంలో కత్తెర పట్టుకున్న ప్రతివాడూ సగం వైద్యుడే. ఆఖరికి, తనకీ ఆ గోవా ప్రసాదమే అంటిన కల్యాణ్ బుద్ధి తెచ్చుకుని సర్కారు దవాఖానాకి వెళ్ళొచ్చి, ఇతన్నీ నెట్టుకుంటూ తీసుకెళ్ళాడు.

అక్కడ వసుధ అనే డాక్టరమ్మ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. సన్యాసిరాజు కుర్చీలో కూచుని, "వేడి సేసిందండి" అన్నాడు.

"వేడి చేసినోళ్ళంతా నా దగ్గరికే వస్తరు" అంది డాక్టరమ్మ తలెత్తకుండా. "ఎక్కడికి పోయొచ్చినవ్? నేనేం తిట్టను, చెప్పు."

చెప్పాడు. ఆవిడ నిజంగానే తిట్టలేదు. చీము తీయించి పరీక్షకి పంపింది. ఏమేం మాత్రలు మింగాడో అడిగింది. గోలీల డబ్బా, కత్తెరలు, అన్నీ చెప్పాక మాత్రం తిట్టింది.

"దీని పేరు గనేరియా. వేడి కాదు. ఎన్ని చెంబులు తాగినా కొట్టుకపోదు. నువ్వు మింగినవే, ఆ టైఫాయిడ్ గోలీలు, పదేండ్ల కింద దీనికి బ్రహ్మాండంగ పనిచేసేటివి. అందరూ రెండు రెండు మింగి, జెర తగ్గంగనె ఆపి, ఆ పురుగుకు అలవాటు చేసిన్రు. దోమలకు మనం ముట్టించే చక్రాలు అలవాటైనయ్ చూడు, ఇప్పుడు ఆ పొగలనే కూసుంటయ్. గట్ల."

నాలుగో రోజు వెళ్ళినప్పుడు చిన్న గాజుపళ్ళెం చూపించింది. అందులో అతని ఒంటి పురుగుల్ని పెంచారు. వాటి మధ్య రకరకాల మందులు అద్దిన కాగితం బిళ్ళలు. ఒక బిళ్ళ చుట్టూ ఖాళీగా గుండ్రంగా ఉంది, పురుగు దరిదాపులకి రాలేదు. టైఫాయిడ్ మందు బిళ్ళ చుట్టూ మాత్రం అంచుదాకా పెరిగి కూచున్నాయి. సన్యాసిరాజు ఆ పళ్ళెం వంక కొత్తకారు చూసినట్టు చూశాడు. తన ఒంట్లోంచి వచ్చింది కదా, ఎక్కడో చిన్న గర్వం కూడా కలిగింది.

పనిచేసే మాత్రలు మొదటిరోజే ఎదురుగా నిలబెట్టి మింగించింది డాక్టరమ్మ. వారం రోజులు భార్య దగ్గరికి పోకూడదంది. అసలు మాట తర్వాత అంది.

"నీ భార్యను తీస్కరావాలె. ఆమెకు సుత అంటి ఉంటది. ఆడవాళ్ళకు చానామందికి మంట ఉండదు, ఏమీ తెల్వదు. లోపల్లోపల గర్భసంచి దాకా పాకుతది. పిల్లలు పుట్టకుండ చేస్తది. ఇద్దరికీ ఒక్కసారే వైద్యం కావాలె, లేకుంటె నీకు మళ్ళ అంటుకుంటది."

పిల్లలు పుట్టకుండా అన్న మాట దగ్గర సన్యాసిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంటికెళ్ళి చెప్పాలి. ఎలా చెప్పాలి? లోవ పొద్దున్నే గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. ఆ ముఖం చూసి ఆ పేరు ఎలా పలకాలి? పలకలేక, భార్య పుట్టింటికెళ్ళిందని డాక్టరమ్మతో ఇంకో అబద్ధం ఆడాడు. ఆవిడ మనసొప్పకపోయినా ఆలస్యం కాకూడదని లోవలక్ష్మికి కూడా మాత్రలు పొట్లం కట్టి ఇచ్చింది. "చెప్పి మింగించు" అని మరీ మరీ చెప్పింది. చెప్పడం ఒక్కటి తప్ప తక్కినదంతా చేద్దామనుకున్నాడు పిరికివాడు.

"కంపెనీవోళ్ళు హెల్త్ క్యాంపు పెట్టినారే. డ్రైవర్ల ఇళ్ళల్లో ఆడోళ్ళకి బలం మాత్రలిచ్చినారు. ఒక్కసారే యేసీసుకోవాలట" అని పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, డ్యూటీ ఉందని పరిగెత్తాడు.

లోవలక్ష్మి పొట్లం విప్పి చూసింది. మాత్రలు. మాత్రలంటే వేడి. తనకి బలానికేం లోటు, డ్రమ్ము ఒక్కర్తే ఎత్తుతుంది. మరి వీటినేం చేయాలి? అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. పుష్పమ్మగారి దగ్గర రెండు మాత్రలు బదులు తెచ్చింది, ఇంతవరకు తిరిగివ్వలేదు. చక్కెర తెచ్చుకున్న గిన్నెలో చక్కెర వేసి ఇస్తాం, కాఫీపొడికి కాఫీపొడి ఇస్తాం. మాత్రలకి మాత్రలు ఇవ్వాలి కదా మర్యాదస్తులు. కొత్త మాత్రలు, అట్ట కూడా మెరుస్తోంది. పట్టుకెళ్ళి పుష్పమ్మకిచ్చింది. పుష్పమ్మ సంతోషపడి డబ్బాలో వేసుకుంది. పక్కింటివాళ్ళ మధ్య ఇంత ముచ్చటైన వ్యవహారం ఇంకోటి ఉంటుందా? గనేరియాకి పనిచేసే మందు, ఆ ఇంట్లో దాని అవసరమున్న ఒకే ఒక్క మనిషి చేతి మీదుగా ఫ్రిజ్ పైకి చేరిపోయింది.

సన్యాసిరాజుకి మంట పోయింది. ముఖం తేటపడింది. కోడికూర తిరిగొచ్చింది. డాక్టరమ్మ చెప్పిన వారం గడిచింది, ఇంకో వారం కూడా గడిచింది, ఆ తర్వాత మొగుడూపెళ్ళాలు మామూలుగానే ఉన్నారు.

ఈలోగా లోవలక్ష్మికి పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైంది. ఆవిడ కంగారుపడలేదు. ఇన్నేళ్ళు బండి దగ్గర అన్నీ రుచి చూస్తూ వచ్చింది, చలవ ఎక్కువైపోయిందని తేల్చుకుంది. తన సరుకు మీద ఆవిడకున్న నమ్మకం అంతటిది. వాము నమిలింది, శొంఠికాఫీ తాగింది. నొప్పి ఒకరోజు తగ్గితే రెండురోజులు ఉండేది.

ఒక పొద్దున సన్యాసిరాజుకి మళ్ళీ మంట, మళ్ళీ చీము. ఇక చచ్చినట్టు దవాఖానాకి పరిగెత్తాడు. డాక్టరమ్మ వసుధ గొంతు పెద్దదని చెప్పాను కదా, ఆ రోజు మాత్రం చిన్నగా మాట్లాడింది.

"మళ్ళ ఎక్కడికన్న పోయినవా?"

"నేదండి. మా తల్లి మీద ఒట్టు."

"అయితే రెండే దారులు. నీ భార్య గోలీలు వేసుకోకుంటె ఆమె నుంచి నీకు మళ్ళ అంటింది. వేసుకుంటె మాత్రం ఈ గోలీ సుత పనిచేస్తలేనట్టు. గదైతె నాకు చాన పరేషాన్. దీని తర్వాత నా దగ్గర సూది తప్ప ఏం లేదు. దానికి సుత అలవాటు పడితె ఏమిచ్చేది? నీ నమూనా పెద్ద ల్యాబుకు పంపాలె. సచ్ చెప్పు. ఆమె మింగిందా?"

"మింగే ఉంటదండి."

"నువ్వు చూసినవా?"

సన్యాసిరాజు నేల చూపులు చూశాడు. ఈసారి పొట్లం ఏదీ ఇవ్వలేదు డాక్టరమ్మ. వెళ్ళి అడిగి, మనిషిని వెంటపెట్టుకుని రమ్మంది. దేశంలో ఒక మందు పోయిందో ఉందో తేలడం, ఈ మనిషి పెళ్ళాంతో ఒక్క మాట చెప్పడం దగ్గర వచ్చి ఆగింది.

ఇంటికొచ్చేసరికి లోవలక్ష్మి బార్లీ కడుగుతోంది. ఒక చేయి పొత్తికడుపు మీద ఉంది. అది చూసి సన్యాసిరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోవా. నానిచ్చిన బలం మాత్రలు యేసుకున్నావేటి?"

"ఏ బలం మాత్రలు? ఓ, అవా. పుష్పమ్మ పిన్నిగారికిచ్చీసినాను. మనం బదులు తెచ్చినాం గదా. సెల్లుకి సెల్లు."

మందు పోలేదు. ఫ్రిజ్ మీద ఉంది. ఆ ఒక్క నిమిషం సన్యాసిరాజుకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి గొంతులో అదోరకం చప్పుడు చేశాయి. లోవలక్ష్మి చేతులు తుడుచుకుని లేచింది.

"ఏటయింది మావా? మళ్ళీ వేడి సేసిందేటి? ఉండు, సబ్జా నానబెట్టినాను."

"వద్దే. నాకు వేడి సెయ్యనేదు. ఎప్పుడూ సెయ్యనేదు. అది గనేరియా."

ఆ పేరు లోవలక్ష్మికి కొత్త కాదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మూత్రశాల గోడల మీద, బస్టాపుల వెనక, పెద్ద పెద్ద నీలం అక్షరాలతో రాసి ఉండేది. కొత్తగా వచ్చిన రోజుల్లో బస్సు కిటికీలోంచి చదివి, అదేటి మావా అని అడిగితే, తప్పుడు మనుషులకొచ్చే రోగమని చెప్పింది ఇతనే.

గోవా సంగతి అంతా చెప్పాడు. లోవలక్ష్మి అరవలేదు. కడిగిన బార్లీ మీద మూతపెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఆవిడకి కోపమొచ్చింది, అసహ్యమేసింది, అన్నిటికన్నా మించి సిగ్గేసింది. అరికాళ్ళకి గోరింటాకు పెట్టడం గుర్తొచ్చి, తన చేతులంటే తనకే సిగ్గేసింది.

"నాకూ ఉందా?"

"ఉండుంటదని డాక్టరమ్మ అంది. కడుపు నొప్పి కూడా..."

"పిల్లలు?"

లోవలక్ష్మి కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

"ఎల్లినావు, ఎదవ్వి. సరే. పొద్దుపొద్దున నా సేతి నీళ్ళు తాగి సల్లగుందే అన్నావు సూడు. రోజూ అన్నావు. నాను ఈదంతా సెప్పుకున్నాను, మా మావకి తగ్గిందని."

అతని జవాబు కోసం ఆవిడ ఆగలేదు. చెప్పులేసుకుని తిన్నగా పుష్పమ్మ వాటాలోకి వెళ్ళి, తానిచ్చిన మాత్రలు తిరిగిమ్మంది. పుష్పమ్మ డబ్బా తెచ్చి మూత తీసి వెతికింది.

"కొన్ని మా ఆయన మింగిండు బిడ్డా, దగ్గుకు. మస్తు పనిచేసినయన్నడు. ఏందీ, కావాల్నా? ఒకటుంది సూడు."

ఏ దగ్గుకో ఏ రోగం మందో మింగి తుకారాం వసారాలో హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. లోవలక్ష్మికి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. మిగిలిన ఒక్కటీ పట్టుకుని, వెనక మొగుడు నడుస్తుండగా దవాఖానాకి బయల్దేరింది.

అక్కడ తలుపు మీద చర్మ, సుఖవ్యాధుల విభాగం అని బోర్డు. లోవలక్ష్మి ఆగి కూడబలుక్కుని చదివింది.

"సుకమెవరిదో, వ్యాది ఎవరిదో" అంది. సన్యాసిరాజు తేలుకుట్టిన దొంగలా గోడ పక్కన నిలబడ్డాడు.

డాక్టరమ్మ ముందు ఆ ఒక్క మాత్ర చేతిలోకి తీసుకుని, కథంతా విని, కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. మందు పనిచేయక కాదు, పొట్టలోకి చేరక! అంతలోనే లోవలక్ష్మి కడుపు నొక్కి చూసి నవ్వు ఆపేసింది. జబ్బు పైకి పాకడం మొదలుపెట్టింది. సూది వేయించి, ఇంకో రెండు రకాల మాత్రలు పద్నాలుగు రోజులకి రాసింది.

"నొప్పి రెండు రోజుల్ల తగ్గుతది. తగ్గిందని ఆపితె మళ్ళ మొదటికొస్తది. ఒక్కటి సుత మిగలొద్దు. ఆ డబ్బాలకు పోవద్దు."

"మాత్రలు వేడి సేత్తాయి గదమ్మా?"

"చేస్తె చేయనియ్. నువ్వు తాగనీకె నీ దగ్గర డ్రమ్ములున్నయ్ కదా."

తనని వైద్యురాలిగా లెక్కవేసి మాట్లాడినట్టు అనిపించింది లోవలక్ష్మికి. చెప్పింది చెప్పినట్టు చేసింది. రెండోరోజుకి నొప్పి పోయినా, వాంతి వచ్చినట్టున్నా, నోరంతా చేదెక్కినా ఆఖరి మాత్రదాకా మింగింది. సన్యాసిరాజుకి డాక్టరమ్మ అదే రోజు సూది వేయించింది. ఇంట్లో అతని చాప వసారాలోకి మారింది. పొద్దున్నే బండి దగ్గర మొదటి గ్లాసు ఇన్‌స్టిట్యూట్ వాచ్‌మన్‌కి వెళ్ళడం మొదలైంది. సన్యాసిరాజు దాహమేస్తే కుళాయి తిప్పుకునేవాడు.

పుష్పమ్మ డబ్బా మీద కూడా ఆవిడ యుద్ధానికి దిగింది గాని, అది అంత తేలిగ్గా తెమిలే వ్యవహారం కాదు. సగం మాత్రలతో పురుగులకి చదువు చెబుతున్నారని లోవలక్ష్మి, తన ముప్పై ఏళ్ళ అనుభవం సంగతేమిటని పుష్పమ్మ, మెట్ల మీద చాలారోజులు వాదించుకున్నారు. తుకారాం ఎవరి పక్షమూ వహించకుండా దగ్గేవాడు. బండి దగ్గర మాత్రం పద్ధతి మారింది. ఎవడన్నా మగాడు వచ్చి వేడి చేసిందక్కా అంటే, గ్లాసు చేతికిచ్చే ముందు పైనుంచి కిందిదాకా చూసి, "ఏ ఊరెల్లొచ్చినావు?" అని అడిగేది. కొందరు తాగకుండానే జారుకునేవారు. వాళ్ళని వెనక్కి పిలిచి దవాఖానా గది ఎటు తిరిగితే వస్తుందో చెప్పేది. గొంతు తగ్గించి చెప్పడం ఆవిడకి చేతకాదు, వీధంతా వినేది.

నెల తిరిగాక ఇద్దరూ ఆఖరి పరీక్షకి వెళ్ళారు. డాక్టరమ్మ కాగితాలు చూసి ఇద్దరికీ పోయిందని చెప్పింది. లోవలక్ష్మి కుర్చీ అంచుకి జరిగింది.

"పిల్లలు పుడతారామ్మా?"

"పుట్టకపోవడానికి నాకైతె ఇప్పుడు కారణం కనవడ్తలేదు. ఇంకొన్ని నెలలు ఆగి వచ్చి ఉంటె ఈ మాట అనేదాన్ని కాదు. గ్యారంటీ మాత్రం ఇయ్యలేను లోవలక్ష్మీ. చూద్దాం."

లోవలక్ష్మి తలూపింది. ఎన్నో వారాల తర్వాత సన్యాసిరాజు ముఖంలో వెలుగొచ్చింది. డాక్టరమ్మ అలవాటు కొద్దీ, వచ్చిన అందరికీ ఇచ్చినట్టే, బల్ల మీది కండోమ్ ప్యాకెట్ల డబ్బా ముందుకు జరిపింది. సన్యాసిరాజు నవ్వుముఖంతో దాన్ని వెనక్కి తోశాడు.

"మాకవెందుకండి డాక్టరమ్మా. మేం పిల్లల కోసం సూత్తన్నాం."

లోవలక్ష్మి డబ్బా మళ్ళీ తన వైపు లాక్కుంది. గుప్పెడు ప్యాకెట్లు తీసి సంచిలో వేసుకుంది. చాలవనిపించి ఇంకో గుప్పెడు తీసుకుంది.

"ఒలే, అదేటి?" అన్నాడు సన్యాసిరాజు. "పిల్లలు కావాలన్నావు గదే."

"కావాల మావా. నాకు కావాల" అంది లోవలక్ష్మి సంచి జిప్పు లాగుతూ. "ఆళ్ళకి నాన్నవి నువ్వేనా అన్నది నాను ఇంకా తేల్చుకోనేదు."